మీటరు ఎవరింట్లో ఉంది? జాతీయ టెలివిజన్‌లో రేటింగుల పోరు

భారతదేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలయ్యాయి. యునెస్కో కొంత సొమ్ము ఇచ్చింది, ఫిలిప్స్ కంపెనీ నుంచి పరికరాలు వచ్చాయి, ఆకాశవాణి భవనంలోనే చిన్న స్టూడియో ఏర్పాటైంది. వారానికి రెండు రోజులు, అదీ కాసేపే ప్రసారం. చూసేవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల టెలి క్లబ్బుల సభ్యులు. 1965లో గానీ రోజువారీ ప్రసారాలు రాలేదు. 1972లో బొంబాయిలో రెండో కేంద్రం వచ్చింది. 1976 ఏప్రిల్ 1న టెలివిజన్ ఆకాశవాణి నుంచి విడిపోయి దూరదర్శన్ పేరుతో వేరు సంస్థ అయింది. మరుసటి ఏడాది అక్టోబర్ 23న హైదరాబాద్ కేంద్రం మొదలైంది.

ఆ రోజుల్లో ఛానెల్ ఒక్కటే కాబట్టి పోటీ లేదు. అయినా ఎవరు చూస్తున్నారు, ఏం చూస్తున్నారు అన్న ప్రశ్న మొదటినుంచీ ఉంది. దానికి పెద్ద ఎత్తున జవాబు వెతికింది పల్లెల్లోనే కావడం ఈ చరిత్రలో గుర్తుపెట్టుకోవలసిన విషయం. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ‘సైట్’ ప్రయోగం నడిపింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహార్, మధ్యప్రదేశ్, ఒడిశా, రాజస్థాన్‌లలో సుమారు 2,400 గ్రామాలకు టీవీ సెట్లు వెళ్ళాయి. ఊళ్ళో బడి మీదనో పంచాయతీ ఆఫీసు మీదనో కోడిగూళ్ళకు వాడే వలతో అల్లిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా పెట్టేవారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఒకే బొమ్మకు తెలుగు, కన్నడ మాటలు రెండూ వేర్వేరుగా వినబడే ఏర్పాటు కూడా చేశారు. పరిశోధకులు కొన్ని ఊళ్ళలో నెలల తరబడి మకాం వేసి ఎవరు వచ్చి కూర్చుంటున్నారో, ఎవరు మధ్యలో లేచిపోతున్నారో, విన్నదాంట్లో ఏది గుర్తుంటున్నదో రాసుకున్నారు. ప్రకటనల అవసరం లేని లెక్క అది. తరవాతి నలభై ఏళ్ళలో ప్రేక్షకుల లెక్కలు ఎన్ని వచ్చినా పల్లెను ఇంత శ్రద్ధగా చూసినవి లేవు.

1976 జనవరి నుంచి దూరదర్శన్ ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది. 1982లో మరో మలుపు వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం, దానితోపాటే రంగుల ప్రసారం, నవంబర్‌లో ఢిల్లీ ఆసియా క్రీడలు. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరాక చిన్న ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా వెలిశాయి. 1984లో కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున బిగించారు. అలా దూరదర్శన్ నిజంగా జాతీయ నెట్‌వర్క్ అయింది. తెలుగు ఇళ్ళలో దీని రూపం వేరు. సాయంత్రం రామంతాపూర్ కేంద్రం నుంచి తెలుగు కార్యక్రమాలు, శుక్రవారం ‘చిత్రలహరి’ సినిమా పాటలు. రాత్రి 8:40కి హిందీ వార్తలతో ఢిల్లీ అందుకునేది. హిందీ రానివాళ్ళు సెట్టు కట్టేయాలి, లేదా బొమ్మలు చూస్తూ కూర్చోవాలి.

1984 జులై 7న మొదలైన ‘హమ్ లోగ్’ దేశంలో సీరియల్ అన్నదానికి దారి వేసింది. మెక్సికోలో కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడిన ధారావాహికల పద్ధతిని చూసి తలపెట్టిన ప్రయత్నమిది. మనోహర్ శ్యామ్ జోషి రాశారు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. మ్యాగీ నూడుల్స్ స్పాన్సర్. పదిహేడు నెలల్లో సుమారు నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయి. ఆ రోజుల్లో జనాదరణకు కొలత ఆ ఉత్తరాల సంచులే. కథ ఎలా మారాలో చెబుతూ రాసినవాళ్ళ మాట రచయితకు చేరేది. తరవాత వచ్చిన యంత్రాలు ఎంతమంది చూశారో చెప్పాయి గాని, ఎందుకు చూశారో ఆ ఉత్తరాల్లా చెప్పలేకపోయాయి.

1987 జనవరి 25న రామానంద్ సాగర్ ‘రామాయణ్’, 1988 అక్టోబర్ 2న బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలయ్యాయి. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ అయ్యేవి. హిందీ ముక్క రాని తెలుగు పల్లెల్లోనూ జనం టీవీ ఉన్నవాళ్ళ వరండాల్లో, పంచాయతీ ఆఫీసుల్లో గుమిగూడారు. కథ అందరికీ ముందే తెలుసు కాబట్టి భాష అడ్డురాలేదు. ఒక్క సెట్టు ముందు యాభై మంది కూర్చున్నప్పుడు ఇంటికొక లెక్క వేసే పద్ధతి ఎంతవరకు పనికొస్తుంది? అప్పటికే ఆ పద్ధతి వచ్చేసింది. ప్రకటనదారులు తమ డబ్బుకు రుజువు అడగసాగారు. మార్కెట్ పరిశోధన సంస్థ ఐఎంఆర్‌బీ ఇచ్చే అంకెలకు టీఆర్పీ అన్న పేరు స్థిరపడింది. దూరదర్శన్‌కు కూడా ‘డార్ట్’ పేరుతో సొంత లెక్క ఉండేది. రెంటికీ ఆధారం డైరీ. ఎంపిక చేసిన ఇంటికి గళ్ళు గీసిన పుస్తకం ఇచ్చి, ఏ సమయంలో ఏం చూశారో టిక్కు పెట్టమనేవారు. వారం చివర గుర్తు తెచ్చుకుని ఒకేసారి నింపేవాళ్ళూ ఉంటారు. పేరున్న కార్యక్రమానికి చూడకపోయినా టిక్కు పడుతుంది. పేరులేనిది చూసినా గుర్తుండదు.

దూరదర్శన్‌కు ఎదురులేని కాలం 1991తో ముగిసింది. ఆ ఏడాది జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని పెద్ద హోటళ్ళలో సీఎన్ఎన్ ద్వారా చూసినవాళ్ళకు ఆకాశంలో ఇంకా ఛానెళ్ళున్నాయని తెలిసింది. కొద్ది నెలలకే హాంకాంగ్ వ్యాపారి లీ కా-షింగ్ కుటుంబానికి చెందిన స్టార్ టీవీ ఆసియాశాట్-1 మీదుగా ప్రసారాలు మొదలుపెట్టింది. ఇక్కడ అనుమతులు ఇచ్చే చట్టమే లేదు. డాబా మీద డిష్ పెట్టి, చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి నెలకింత అని వసూలు చేసుకునే కేబుల్ ఆపరేటర్ వీధివీధికీ పుట్టుకొచ్చాడు. ప్రభుత్వం కేబుల్ చట్టం చేసేసరికి 1995 అయింది.

స్టార్ ఇంగ్లీషు కార్యక్రమాలు కొద్దిమందివే. దూరదర్శన్‌కు మొదటి దెబ్బ తగిలింది హిందీ ఛానెల్ వల్ల. సుభాష్ చంద్ర 1992 అక్టోబర్ 2న జీ టీవీని స్టార్ ఉపగ్రహం మీదనే ప్రారంభించారు. ‘తారా’, ‘అంతాక్షరి’, ‘ఆప్ కీ అదాలత్’ వంటివి దూరదర్శన్ పద్ధతికి పూర్తిగా భిన్నం. 1993లో రూపర్ట్ మర్డాక్ స్టార్‌లో అధిక వాటా కొన్నారు, జీలోనూ భాగస్వామి అయ్యారు. ఒప్పందం ప్రకారం స్టార్ హిందీలోకి పూర్తిగా దిగకూడదు. ఆ కట్టుబాటే జీకి 1990ల్లో రక్షణ గోడ. 1995లో సోనీ వచ్చింది. దూరదర్శన్ ఊరుకోలేదు. 1993లో మెట్రో ఛానెల్‌ను కొత్తగా తీర్చిదిద్ది బయటి నిర్మాతలకు సమయం అమ్మింది. 1994లో ‘శాంతి’తో రోజువారీ సీరియల్‌నూ తెచ్చింది. కానీ సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం సంస్థకు లేదు. ప్రసార భారతి చట్టం 1990లోనే పార్లమెంటులో నెగ్గినా అమల్లోకి వచ్చింది 1997లో. పోటీ మొదలైన ఆ ఏడేళ్ళూ దూరదర్శన్ మంత్రిత్వశాఖ ఫైళ్ళ మధ్యే గడిపింది. తరవాత జరిగినదానికి ఆ జాప్యమే పెద్ద కారణం.

మధ్యలో న్యాయస్థానం కూడా కలగజేసుకుంది. 1993లో హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ ప్రభుత్వానికీ తగాదా వచ్చి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని కోర్టు తేల్చింది. ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా విస్తారమైన తీర్పు రాశారు. గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా ప్రైవేటు వ్యక్తులదైనా భావ స్వేచ్ఛకు ముప్పేనన్నది ఆయన వాదనలో ముఖ్యమైన అంశం. ఆ ఏడాదే తెలుగులో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. 8:40కి భాష మారిపోయే అవస్థ తెలుగు ఇళ్ళకు తప్పింది. జాతీయ నెట్‌వర్క్ అనగానే హిందీ నెట్‌వర్క్ అనుకోవడానికి అప్పటినుంచే వీలులేకుండా పోయింది.

శాటిలైట్ ఛానెళ్ళు పెరిగాక డైరీ చాలదని తేలింది. 1998లో రెండు సంస్థలు పీపుల్ మీటర్లతో రంగంలోకి దిగాయి: ఒకటి ఓఆర్‌జీ-మార్గ్ వారి ఇన్‌టామ్, రెండోది నీల్సన్, ఐఎంఆర్‌బీ కలిసి పెట్టిన టామ్. మీటరు చిన్న పెట్టె. టీవీ పక్కన ఉంటుంది. దాంతోపాటు ఒక రిమోట్ ఇస్తారు. అందులో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక బటన్: నాయనమ్మకు ఒకటి, కోడలికి ఒకటి, బడికెళ్ళే పిల్లాడికి ఒకటి. చుట్టాలొస్తే వాళ్ళకూ ఒకటి. టీవీ ముందు కూర్చోగానే తన బటన్ నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నొక్కాలి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పరుగెత్తిన మనిషి బటన్ నొక్కడం మరిచిపోతే యంత్రం లెక్కలో ఆమె ఇంకా సీరియల్ చూస్తూనే ఉంటుంది. ఏ ఛానెల్ పెట్టారో మాత్రం యంత్రమే నిమిషనిమిషానికీ గుర్తిస్తుంది. వేల ఇళ్ళ నుంచి వచ్చిన ఈ నిమిషాలను కూడి, జనాభా లెక్కలకు తూకం కట్టి, వారానికోసారి అంకెలు విడుదల చేస్తారు. ఒక కార్యక్రమానికి వచ్చింది టీఆర్పీ. వారమంతా ఛానెల్‌కు వచ్చినవన్నీ కూడితే జీఆర్పీ. నంబర్ వన్ ఎవరన్నది దీన్నిబట్టే. పది సెకన్ల ప్రకటన ధర కూడా దీన్నిబట్టే.

మీటర్లు ఎక్కడ పెట్టారన్నది అసలు విషయం. టామ్ చాలాకాలం లక్షకు పైగా జనాభా ఉన్న పట్టణాలకే పరిమితమైంది. 2013 నాటికి కూడా దాని మీటర్లు పది వేలకు మించలేదు. దూరదర్శన్ బలమంతా పల్లెల్లో ఉంది, పల్లెల్లో మీటరు లేదు. కాబట్టి ప్రకటనల బజారులో ఆ ప్రేక్షకులు లేనట్టే లెక్క. కేబుల్ ఉన్న పట్టణపు ఇల్లు ఏం చూస్తుందో అదే దేశం చూస్తున్నదిగా చెలామణీ అయింది. ఇది కుట్ర కాదు. సబ్బులు, షాంపూలు అమ్మేవారికి అప్పట్లో కావలసింది ఆ ఇళ్ళే, లెక్కకు డబ్బు పెట్టిందీ వాళ్ళే. కానీ దాని ఫలితం తెర మీద పదిహేనేళ్ళు కనబడింది.

ఆ ఫలితానికి నిలువెత్తు ఉదాహరణ స్టార్ ప్లస్. జీతో భాగస్వామ్యం 1999లో తెగిపోవడంతో కట్టుబాటు తొలగింది. అప్పటికి హిందీలో జీ, సోనీ ముందున్నాయి. స్టార్ ప్లస్ ఇంగ్లీషూ హిందీ కలగలిపి వెనకబడి ఉంది. 2000 జులైలో ఛానెల్‌ను పూర్తిగా హిందీ చేశారు. జులై 3 సోమవారం రాత్రి 9 గంటలకు ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైంది. బ్రిటిష్ క్విజ్‌కు అనుసరణ, నిర్మాత సిద్ధార్థ బసు, బహుమతి కోటి రూపాయలు. నడిపింది అమితాబ్ బచ్చన్. సినిమాలు ఆడక, సొంత కంపెనీ అప్పుల్లో ఉన్న సమయంలో ఆయన ఒప్పుకున్న పని ఇది. ఆ కంఠం, పోటీదారుకు కుర్చీ జరిపి కూర్చోబెట్టే మర్యాద, కంప్యూటర్‌ను పెద్దమనిషిలా సంబోధించే తీరు వారం తిరక్కుండానే ఊరూరా మాటల్లోకి ఎక్కాయి. అక్టోబర్‌లో హర్షవర్ధన్ నవాథే మొదటి కోటి గెలిచారు.

అదే రాత్రి 10:30కి ఏక్తా కపూర్ ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’ కూడా మొదలైంది. అక్టోబర్‌లో 10 గంటలకు ‘కహానీ ఘర్ ఘర్ కీ’ వచ్చి చేరింది. క్విజ్ కోసం తొమ్మిదింటికి ఛానెల్ పెట్టిన కుటుంబం రిమోట్ ముట్టకుండా పదకొండు దాకా ఉండిపోయేట్టు వేసిన వరస ఇది. రేటింగుల పోరులో స్టార్ గెలుపు రహస్యం బచ్చన్ ఒక్కరిలో లేదు, ఈ వరసలో ఉంది. 2001 చివర క్విజ్ ఆగిపోయినా సీరియళ్ళు నిలబడ్డాయి. ‘క్యోంకి’ 2008 నవంబర్ దాకా, 1,800కు పైగా భాగాలు నడిచింది. జీ జవాబుగా అదే 2000 అక్టోబర్‌లో ‘సవాల్ దస్ కరోడ్ కా’ తెచ్చింది. అనుపమ్ ఖేర్, మనీషా కోయిరాలా నడిపారు, బహుమతి పదింతలు. కొన్ని నెలల్లోనే మూతపడింది. బహుమతి పెంచితే ప్రేక్షకులు పెరగరని బజారుకు బోధపడింది.

స్టార్ ప్లస్ సుమారు తొమ్మిదేళ్ళు మొదటి స్థానం వదల్లేదు. వారపు జాబితాలో మొదటి యాభై కార్యక్రమాల్లో అత్యధికం దానివే. ఆ తొమ్మిదేళ్ళలో హిందీ సీరియల్ ఒకే ఇంట్లో ఇరుక్కుంది: సంపన్న ఉమ్మడి కుటుంబం, పట్టుచీరల్లో నిద్రలేచే కోడళ్ళు, ముఖం మీదకు మూడుసార్లు దూసుకొచ్చే కెమెరా. రైతు, కూలీ, గుమాస్తా తెర మీంచి తప్పుకున్నారు. ‘హమ్ లోగ్’లోని దిగువ మధ్యతరగతి ఇల్లు మాయమైంది. మీటర్లు ఏ ఇళ్ళలో ఉన్నాయో ఆ ఇళ్ళ కోరికలే కథలయ్యాయి.

ఈలోగా లెక్కల మీదే అనుమానం పుట్టింది. 2001లో ముంబైలో మీటర్లున్న ఇళ్ళ జాబితా బయటికి పొక్కింది. ఏ ఇంట్లో మీటరుందో తెలిస్తే ఆ ఇంటి తలుపు తట్టి ఫలానా ఛానెల్ పెట్టమనవచ్చు. కొన్నాళ్ళ గొడవ తరవాత ఇన్‌టామ్, టామ్ కలిసిపోయి ఒకే లెక్క మిగిలింది.

స్టార్ కోటను బద్దలు కొట్టింది కలర్స్. 2008 జులై 21న మొదలై తొమ్మిది నెలల్లోనే, 2009 ఏప్రిల్‌లో మొదటి స్థానానికి చేరింది. దాని ప్రధాన సీరియల్ ‘బాలికా వధు’, రాజస్థాన్ పల్లెలో బాల్యవివాహం కథ. 2008 నవంబర్‌లో సినీ, టీవీ కార్మికుల సమ్మెతో కొన్ని వారాలు కొత్త భాగాలు ఆగిపోయి పాతవే తిప్పవలసి రావడంతో ప్రేక్షకుల అలవాట్లు కదిలాయి. ‘బాలికా వధు’ తెలుగులో ‘చిన్నారి పెళ్లికూతురు’గా మా టీవీలో ఇంటింటా చేరింది. ఆ విజయం చూసి డబ్బింగ్ సీరియళ్ళు వరసకట్టాయి. తమ పని పోతుందని తెలుగు టీవీ కళాకారులు, సాంకేతిక నిపుణులు ఆందోళనకు దిగారు. వాళ్ళ భయం అర్థంలేనిది కాదు. ఒక్క డబ్బింగ్ సీరియల్ వస్తే ఒక సెట్టు, ఒక యూనిట్, నలభై యాభై మంది జీతాలు పోయినట్టే.

2012లో ఒక వార్తా ప్రసార సంస్థ రేటింగుల్లో అక్రమాలు జరుగుతున్నాయంటూ నీల్సన్ మీద న్యూయార్క్ కోర్టులో దావా వేసింది. దావా నిలవలేదు గాని టామ్ మీద నమ్మకం సడలింది. 2013లో పెద్ద ఛానెళ్ళు టామ్‌కు దూరం జరిగాయి. ప్రసారకర్తలు, ప్రకటనదారులు, ప్రకటన ఏజెన్సీలు కలిసి ఏర్పాటు చేసుకున్న బార్క్ 2015 ఏప్రిల్ చివర అంకెలివ్వడం మొదలుపెట్టింది. ఛానెల్ ధ్వనిలో చెవికి వినబడని గుర్తు కలిపి, మీటరు దాన్ని పట్టుకునే పద్ధతి వీరిది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి పల్లెల లెక్క కూడా కలిసింది.

వరస తలకిందులైంది. పట్టణాల లెక్కలో ఎవరూ పట్టించుకోని ఉచిత ఛానెళ్ళు జీ అన్మోల్, స్టార్ ఉత్సవ్ వంటివి ఒక్కసారిగా పైకొచ్చాయి. ఇవన్నీ దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో వచ్చేవి. ఒక్కసారి డిష్ కొనుక్కుంటే నెలవారీ చందా లేకుండా చూడవచ్చు. కొన్ని వారాలు జీ అన్మోల్ అసలు జీ టీవీని, స్టార్ ప్లస్‌ను దాటి మొదట నిలిచింది. ఆ ప్రేక్షకులు కొత్తగా పుట్టలేదు. ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నారు, లెక్కలోకి ఇప్పుడొచ్చారు. 2019 మార్చిలో పెద్ద సంస్థలు చందా ఆదాయం కోసం తమ ఛానెళ్ళను ఫ్రీ డిష్ నుంచి తీసేశాయి. అందులోనే ఉండిపోయిన దంగల్ అనే చిన్న ఛానెల్ పాత సీరియళ్ళతోనే హిందీలో మొదటి స్థానం చేజిక్కించుకుంది. 2020లో పెద్ద సంస్థలు తమ ఛానెళ్ళను తిరిగి ఫ్రీ డిష్‌లో పెట్టాయి. పల్లె ప్రేక్షకుడి బలం బజారుకు ఇంతకన్నా స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు.

తెలుగులో ఈ కాలంలో పోటీ జాతీయ సంస్థల చేతుల్లోకి వెళ్ళింది. 2015లో స్టార్ సంస్థ మా టీవీ ఛానెళ్ళను కొనుక్కుంది. జెమిని సన్ సంస్థది, జీ తెలుగు జీది. సొంత గడ్డ మీది పెద్ద వినోద ఛానెల్‌గా ఈటీవీ మిగిలింది. 2017లో మొదలైన ‘కార్తీక దీపం’ స్టార్ మాను తెలుగులో తిరుగులేని స్థానంలో నిలబెట్టింది. అది మలయాళ సీరియల్‌కు రీమేక్. మొత్తం దేశంలోని అన్ని ఛానెళ్ళ వారపు జాబితాలో సన్ టీవీ, స్టార్ మా హిందీ ఛానెళ్ళతో సమానంగా ముందు వరసలో కనిపించడం మామూలైంది.

2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదలైన నాలుగో రోజున, దూరదర్శన్ ‘రామాయణ్’ను మళ్ళీ ప్రసారం చేసింది. కొత్త సీరియళ్ళ షూటింగులు ఆగిపోయాయి, ఇంట్లో అందరూ ఉన్నారు. దశాబ్దాల తరవాత దూరదర్శన్ బార్క్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. ఏప్రిల్ 16న ఒక్క రోజే 7.7 కోట్ల మంది చూశారని సంస్థ ప్రకటించింది. ఆ సీరియల్ అయిపోయాక ఆ స్థానమూ పోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో మీటర్లున్న ఇళ్ళకు డబ్బిచ్చి కొన్ని ఛానెళ్ళు పెట్టిస్తున్నారన్న ఆరోపణ మీద ముంబై పోలీసులు కేసు పెట్టారు. బార్క్ వార్తా ఛానెళ్ళ వారపు రేటింగులు ఆపేసి, 2022 మార్చిలో గాని తిరిగి ఇవ్వలేదు. 2001 నాటి లోపం ఇరవై ఏళ్ళకూ మానలేదు. మీటరున్న ఇల్లు ఎంత విలువైనదో, దాన్ని కొనాలన్న ఆశ అంత గట్టిది.

కోట్ల ఇళ్ళకు వేలల్లో మీటర్లు శాస్త్రం ప్రకారం తప్పేమీ కాదు. నమూనా సరిగా ఎంచితే చాలు. తప్పంతా ఎంపికలో ఉంది. గిరిజన గూడెం, వలస కూలీల బస్తీ, హాస్టల్ గది ఆ నమూనాలో ఎంత ఉన్నాయో ప్రేక్షకులకు చెప్పే ఏర్పాటు రావాలి.

జీ, సోనీ కలవాలన్న ఒప్పందం 2024 జనవరిలో రద్దయింది. అదే ఏడాది నవంబర్ 14న డిస్నీ చేతిలోని స్టార్, రిలయన్స్ చేతిలోని వయాకామ్ 18 కలిసి జియోస్టార్ అయ్యాయి. 2009లో మొదటి స్థానం కోసం పోరాడిన స్టార్ ప్లస్, కలర్స్ ఇప్పుడు ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. బార్క్ వారపు జాబితాలో మాత్రం రెండింటి అంకెలూ విడివిడిగానే వస్తున్నాయి.